పచ్చచామంతికి పడిన ఇంటూ మార్కు

మా చెల్లెలి కూతురికి ఎనిమిదేళ్ళు. డాలస్‌లో పుట్టింది. ఆదివారం పూట తెలుగు బడికి వెళ్తుంది. పోయిన నెల ఆ బడిలో రంగుల మీద చిన్న పరీక్ష పెట్టారు. కాగితం మీద బొమ్మలు, వాటి పక్కన ఖాళీ గీతలు. ఏ బొమ్మ ఏ రంగో రాయాలి. చిలక పక్కన "పచ్చ" అని రాసింది, మార్కు వేశారు. చామంతి పక్కన కూడా "పచ్చ" అనే రాసింది. దానికి ఎర్రసిరాతో ఇంటూ కొట్టి, "పసుపు" అని దిద్దారు. మా చెల్లెలు ఆ కాగితం ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. "అక్కా, ఈ మాట పెద్దమ్మే నేర్పిందని ఏడుస్తోంది. నువ్వే సర్దిచెప్పు" అంది.

నిజమే, నేనే నేర్పాను. కిందటి డిసెంబరులో వాళ్ళు వచ్చినప్పుడు తెనాలి పూల బజారుకి పిల్లని తీసుకెళ్ళాను. "ఆ పచ్చచామంతులు రెండు మూరలియ్యి బాబూ" అని అడిగాను. అతను మారుమాట లేకుండా మూర కొలిచి ఇచ్చాడు. పిల్ల విని గుర్తుపెట్టుకుంది. పరాయి దేశంలో పెరుగుతున్న పిల్ల ఒక మాటని పుస్తకంలోంచి కాక బజారులోంచి తీసుకుని, ఏడాదిలోపు సరైన చోట వాడింది. అలాంటి మాటకి ఇంటూ పడటం నాకు నిజంగా బాధ కలిగించింది. ఆ పిల్ల రాసింది తప్పు కాదు. ఎందుకు కాదో వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

"తెలుగువాళ్ళకి పసుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు, రెండిటికీ ఒకే మాట" అని చదువుకున్నవాళ్ళే అనడం చాలాసార్లు విన్నాను. ఆ మాట అన్నవాళ్ళు చీరల కొట్లో పది నిమిషాలు కూర్చుంటే చాలు. పచ్చచీర చూపించమంటే కొట్టబ్బాయి "ఏ పచ్చండీ?" అంటాడు. చిలకపచ్చ, ముదురాకుపచ్చ, పసుపుపచ్చ, నిమ్మపండు రంగు, పాచి రంగు, మెంతి రంగు అంటూ ఒక్కొక్కటే మన ముందు పరుస్తాడు. కళ్ళకి తేడా తెలియకపోతే ఇన్ని పేర్లెక్కడివి? తేడా చెప్పాల్సినప్పుడు పచ్చ ముందు ఒక ఆకునో పసుపునో చిలకనో తెచ్చిపెట్టుకుంటాం. అక్కర్లేనప్పుడు ఉత్త పచ్చ. రైలుకి పచ్చజెండా ఊపారంటే ఆకుపచ్చ. 1982లో ఎన్.టి.రామారావు పెట్టిన పార్టీ వాళ్ళని పచ్చచొక్కాలంటే పసుపుపచ్చ. రెండూ ఒకే రోజు పేపర్లో ఒకే పేజీలో వచ్చినా చదివేవాడు ఎక్కడా తికమకపడడు. పచ్చగన్నేరు పసుపు రంగు పువ్వు. పచ్చజొన్నలు పసుపు రంగు గింజలు. పచ్చలహారంలో ఉన్నవి మరకతాలు, ఆకుపచ్చ రాళ్ళు. చెరుకుగడని విల్లుగా పట్టిన మన్మథుడు పచ్చవిల్తుడు.

రంగుల లెక్క ఇంతే అయితే ఇది రెండర్థాల మాట అని చెప్పి ముగించవచ్చు. కానీ రంగు దగ్గర ఆగితే ఈ మాటలో సగం కూడా మన చేతికి రాదు.

వంటింట్లోకి రండి. అలమరలో పచ్చిశనగపప్పు ఉంటుంది. అది ఎండిన పప్పు, చూడటానికి పసుపు రంగు. అయినా దాన్ని పచ్చి అనేది రంగుని చూసి కాదు, వేయించలేదు గనక. వేయించినవైతే పుట్నాలు. సీసాలో పచ్చకర్పూరం ఉంటుంది. పేరులో పచ్చ ఉంది, మూత తీస్తే తెల్లగా పలుకులు. తిరుమల లడ్డూలో పడేది, స్వామివారి నుదుటి నామానికి వాడేది ఆ తెల్లటి పచ్చకర్పూరమే. పచ్చిపాలు తెలుపు. పచ్చి గుడ్డు పెంకు లోపల రెండు రంగులు. పులుసు మరగబెట్టకుండా, చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలు నలిపేసి చేసేది తెలంగాణలో పచ్చిపులుసు, దాని రంగు మట్టిరంగు. పచ్చకర్పూరం సంగతి పక్కన పెడితే, ఇవన్నీ మంట తగలనివి. పచ్చడి అన్న మాట కూడా పచ్చిగా నూరడంలోంచే పుట్టిందని నా నమ్మకం. ఉగాదినాడు కొత్త చింతపండు, వేపపూత, మామిడి, బెల్లం ఏదీ పొయ్యి ఎక్కకుండానే కలిపితే చాలు, అది పచ్చడే.

నీళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది. అలిగిన మనిషి గురించి "పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు" అంటాం. నీళ్ళకి రంగేమిటి? మలయాళీలు కాచని నీళ్ళని పచ్చవెళ్ళం అంటారు. వాళ్ళదీ మనదీ ఒకటే వేరు. బరో, ఎమెనో అనే భాషాపండితులిద్దరూ కలిసి 1961లో ద్రావిడ భాషల మాటల పుట్టుకల మీద నిఘంటువు తెచ్చారు. అలాంటి పుస్తకాలు తిరగేస్తే ఈ కుటుంబమంతా ఒక్కచోట కనిపిస్తుంది. తమిళంలో పచ్చై, కన్నడంలో ఆకుపచ్చకి హసిరు, పచ్చిదానికి హసి. మన వైపు పచ్చ, పచ్చి, పచ్చిక, పసరు, పసిరిక, పసుపు, పసిమి, పసిడి. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది పసి. పసిపాపలోని పసి, పసుపులోని పస, పసరులోని పస అన్నీ ఒక కడుపున పుట్టినవే. ఇన్నిటినీ కలిపేది రంగు అనుకుంటే పసిపాప లెక్కలోకి రాదు. లేతదనం, తడి, ఇంకా వాడనితనం అనుకుంటే అందరూ వరసగా నిలబడతారు.

ఒక్క మిరపకాయ చాలు ఈ సంగతి తేల్చడానికి. మొక్కనుంచి కోసుకొస్తే పచ్చిమిరపకాయ. చెట్టునే ఉంచి ఎర్రబడనిస్తే పండుమిరపకాయ. కళ్ళంలో ఆరబోస్తే ఎండుమిరపకాయ. ఆకుపచ్చ మిరప, ఎర్ర మిరప అని మనం రంగుతో పిలవలేదు. పచ్చి, పండు, ఎండు అని దాని వయసుతో పిలిచాం. పచ్చకి ఎదురుమాట ఏమిటని అడిగితే నేను ఎరుపు అనను, ఎండు అంటాను. పచ్చిగడ్డి, ఎండుగడ్డి. పచ్చికట్టె, ఎండుకట్టె. ఇద్దరు మనుషులకి అసలు పడదని చెప్పడానికి "వాళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది" అంటాం. ఎండుగడ్డి ఎలాగూ మండుతుంది. తడి ఉన్న గడ్డి కూడా మండేంత వేడి అక్కడ ఉందని ఆ సామెత. అందులో పచ్చగడ్డి అంటే గ్రీన్ కలర్ గడ్డి అని చెప్పామో, సామెత మొత్తం చచ్చిపోతుంది.

ఇది మన ఒక్కరి చాదస్తం కాదు. ఫిలిప్పీన్స్‌లో మిందోరో అనే దీవి కొండల్లో హనునోవో అనే జనం ఉన్నారు. హెరాల్డ్ కాంక్లిన్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ళ మధ్య ఉండి, వాళ్ళ రంగుల మాటల మీద 1955లో ఒక చిన్న వ్యాసం అచ్చువేశాడు. వాళ్ళకి మూలమైన రంగుమాటలు నాలుగు: నలుపు వైపు ఒకటి, తెలుపు వైపు ఒకటి, ఎరుపు వైపు ఒకటి, నాలుగోది లేతాకుపచ్చ, పసుపు, లేత గోధుమరంగు అన్నీ కలిసినది. ఆ నాలుగో మాట మలాతుయ్. అప్పుడే నరికిన వెదురు ముక్క తడిగా మెరుస్తూ గోధుమరంగులో ఉంటే దాన్ని కూడా వాళ్ళు మలాతుయ్ అంటారట. తడి ఉంది కాబట్టి. ఎరుపు వైపు మాటలో ఎండిపోవడం ఉంది, ఈ మాటలో చెమ్మ ఉంది. ఆ వెదురు ముక్క మన చేతిలో పెడితే మనమేమంటాం? పచ్చి వెదురు. నేను ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు సముద్రం అవతల ఎవరో మా అమ్మమ్మ భాష మాట్లాడుతున్నట్టు అనిపించింది.

మనకీ మూలం నాలుగే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు మూలద్రావిడానికి, అంటే తెలుగు, తమిళం, కన్నడం లాంటి భాషలన్నిటికీ తల్లి అయిన పాత భాషకి, తేల్చిన రంగుమాటలు తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, అంతే. నీలం సంస్కృతంనుంచి వచ్చింది. గులాబీ పారశీకంనుంచి వచ్చింది. 1969లో బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అనే ఇద్దరు అమెరికన్ పండితులు ప్రపంచ భాషల రంగుమాటలకి ఒక మెట్ల వరస కట్టారు. నలుపు తెలుపులు మొదటి మెట్టు, తర్వాత ఎరుపు, ఆ తర్వాత ఆకుపచ్చో పసుపో ఏదో ఒకటి, ఇలా పదకొండు మాటలదాకా. భాషలు ఆ మెట్లమీదుగా ఎదుగుతాయని వాళ్ళ వాదన. అందులో వాళ్ళ శ్రమ చాలా ఉంది, దాన్ని కాదనను. కానీ వాళ్ళు జనానికి చూపించింది 329 రంగు బిళ్ళలు. ఆ బిళ్ళలకి తడి లేదు, వాసన లేదు, వయసు లేదు. పచ్చ అన్న మాటని ఆ బిళ్ళల మీద పరచి కొలిస్తే అది రెండు రంగుల మధ్య ఎటూ తేల్చుకోలేని మాటగానే కనిపిస్తుంది. ఆ మాట పని చేసేది చేలో, పెరట్లో, పురిటి గదిలో. అక్కడ చూడాలి దాన్ని.

పైగా ఈ రెండు రంగుల్నీ కలిపి చూసిన భాషలు చిన్నవేమీ కావు. సంస్కృతంలో హరిత అంటే ఆకుపచ్చ, హరిద్ర అంటే పసుపుకొమ్ము. మాట మొదలు ఒకటే. పాత గ్రీకులో ఖ్లోరోస్ అన్న మాట లేతాకుపచ్చకి, తేనె రంగుకి, పాలిపోయిన ముఖానికి, పచ్చి కొయ్యకి కూడా వాడారు. 1810లో హంఫ్రీ డేవీ ఆకుపచ్చ పసుపు కలిసిన వాయువుకి క్లోరిన్ అని పేరు పెట్టింది ఆ మాటతోనే. ఆకులోని క్లోరోఫిల్ పేరులో ఉన్నదీ అదే. ఆకుని కాస్త పరీక్షగా చూడండి. లేతాకులో ఆకుపచ్చ పదార్థంతోపాటు పసుపు రంగు పదార్థాలు కూడా ముందునుంచే ఉంటాయి. ఆకు ముదిరి క్లోరోఫిల్ విరిగిపోయినప్పుడు ఆ పసుపు పైకి తేలుతుంది. కొత్తగా వచ్చి చేరింది కాదు, లోపల ఉన్నదే. మనిషి కంటికి వెలుతురులో అన్నిటికన్నా బాగా ఆనే రంగు కూడా సుమారు 555 నానోమీటర్ల దగ్గర, ఆకుపచ్చ పసుపు వైపు తిరిగే చోట ఉంది. 2019లో రిజర్వు బ్యాంకు కొత్త ఇరవై రూపాయల నోటు తెచ్చినప్పుడు దాని రంగు చెప్పడానికి ఇంగ్లీషులో రెండు రంగుల పేర్లు కలపాల్సి వచ్చింది. ఆ నోటు తీసి పూలబ్బాయికిస్తే పచ్చనోటు అంటాడు.

ఇక మనుషుల మీదికి వస్తాను. నాకు అసలు పట్టింపు ఉన్నది ఇక్కడే.

మా అబ్బాయి పుట్టినప్పుడు మూడోరోజున నేను లేచి చన్నీళ్ళలో చేతులు పెట్టబోయాను. అమ్మమ్మ గదమాయించింది. "పచ్చి ఒళ్ళే నీది. పచ్చి బాలింతవి. నీళ్ళు ముట్టకు." నా ఒంటికి ఆ రోజు ఎవరూ అంత సరైన మాట చెప్పలేదు. ఆసుపత్రి కాగితంలో బరువూ రక్తపోటూ రాశారు. కుట్లు మానని, పాలు పడని, ఏడుపు ఎందుకొస్తుందో తెలియని ఆ స్థితికి పచ్చి అన్న రెండక్షరాలు సరిపోయాయి. నెత్తురోడే పుండు పచ్చిపుండు. మనసుకి తగిలి ఏళ్ళు గడిచినా మానని దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంటుంది. అదే మాటని కాస్త సాగదీసి పచ్చగా అంటే, దీవెన. "నీ ఇల్లు పచ్చగుండ", "పిల్లాపాపలతో నూరేళ్ళు పచ్చగా ఉండండి." చెడినప్పుడు "పచ్చని కాపురంలో నిప్పులు పోశారు" అంటాం. నిప్పులే ఎందుకు పొయ్యాలి? పచ్చదాన్ని ఎండగొట్టేది నిప్పు గనక. దీవెనలోనూ తిట్టులోనూ గాయంలోనూ ఉన్నది ఒకటే తడి. పచ్చి, పచ్చగా అనే రెండు రూపాల మధ్య నొప్పీ సుఖమూ రెండూ ఇమిడిపోయాయి. ఇంత పని చేసే మాట మన భాషలో ఇంకొకటి చూపించమంటే నాకు వెంటనే తట్టదు.

పచ్చి అబద్ధం, పచ్చి మోసం, పచ్చి బూతు, పచ్చి నిజం. వీటిలో పచ్చి అంటే "చాలా" అని అర్థం రాసి వదిలేస్తారు. నాకది చాలదు. అబద్ధాన్ని మామూలుగా కొంత ఉడికించి, పోపు పెట్టి, నమ్మేలా చేసి వడ్డిస్తారు. అలాంటి వండకం ఏమీ లేకుండా ముందు పడేసింది పచ్చి అబద్ధం. నిజాన్ని కూడా అలాగే, ఎదుటివాడు మింగగలడా లేడా అని చూడకుండా చెప్తే పచ్చి నిజం. అందుకే రెండిటికీ ఒకే విశేషణం అతికింది. అల్లం వెల్లుల్లి ముద్ద వేయించేటప్పుడు "పచ్చివాసన పోయేదాకా" అంటాం చూడండి. ఆ వాసన ఈ మాటల్లోనూ వస్తుంది.

నా వాదనకి అడ్డం వచ్చేది ఒకటుంది. దాన్ని దాటవేస్తే నేను నిజాయితీగా మాట్లాడినట్టు కాదు. పచ్చకామెర్లు. కళ్ళు పచ్చబడ్డాయంటే గుండె గుభేలుమంటుంది. అక్కడ పచ్చ జీవం కాదు, రోగం. చేలో ఆకు పచ్చబడిందంటే తెగులో, పోషకం తక్కువో అని రైతు దిగులుపడతాడు. అదే రైతు వాన పడ్డాక బీడు పచ్చబడిందని సంతోషిస్తాడు. ఇక్కడ మాట నిజంగానే రెండు దారులు పట్టింది. ఉత్త రంగుగా మిగిలిపోయిన చోట్లు దీనికి ఉన్నాయని ఒప్పుకుంటాను. అమ్మమ్మ మోచేతి మీద ఉన్న పచ్చబొట్టు కూడా అలాంటిదే. మసితో పొడిచిన చుక్కలు చర్మం కింద చేరి నీలమో ఆకుపచ్చో తెలియని రంగుకి తిరిగాయి. ఆ రంగుకి దగ్గరగా ఉన్న మాట పచ్చ, అది అతికిపోయింది. కానీ ఈ చోట్లలో కూడా వినేవాడు పొరపడడు. కళ్ళు పచ్చబడ్డాయంటే చిలకలా మారాయని ఎవరూ అనుకోరు.

ఆ బడి పంతులమ్మ గారితో నేను ఫోన్లో మాట్లాడాను. సాయం కోసం జీతం లేకుండా పాఠాలు చెప్పే మనిషి. ఆదివారం నిద్ర మానుకుని పిల్లలకి గుణింతాలు దిద్దించే వాళ్ళ మీద నాకు గౌరవమే తప్ప కోపం లేదు. ఆవిడ నా మాట అంతా విని ఇలా అన్నారు. "అక్కడ మీ పిల్లలు రోజంతా తెలుగు వింటారండీ. ఇక్కడి పిల్లలకి మేం వారానికి రెండు గంటలే చెప్పగలం. ముందు ఒక మాటకి ఒక అర్థం గట్టిగా పట్టుబడాలి. పచ్చ అంటే ఇదీ అదీ అంటే అసలే వదిలేస్తారు." అది నిజమైన ఇబ్బంది. నేను కాదనలేకపోయాను. కానీ ఒక మాటకి ఒక అర్థం అని నేర్పి పంపిన పిల్ల రేపు తెనాలి వచ్చి "పచ్చడి ఎర్రగా ఉందేంటి" అని అడుగుతుంది. ఇంకో పదేళ్ళకి "నూరేళ్ళు పచ్చగా ఉండు తల్లీ" అని ఎవరైనా నెత్తిన చెయ్యి పెడితే, ఆకుపచ్చగా ఉండమంటున్నారా అని తెల్లమొహం వేస్తుంది. గ్రీన్‌కి కచ్చితమైన మాట కావాలంటే ఆకుపచ్చ ఉంది. ఎల్లోకి పసుపు, పసుపుపచ్చ ఉన్నాయి. వాటిని నేర్పండి, పరీక్ష పెట్టండి. పచ్చని మాత్రం ఆ గడిలో కుక్కకండి, పిల్ల చామంతిని పచ్చ అంటే కొట్టివేయకండి అని అడిగాను.

ఇంకో మాట కూడా ఆవిడతో అన్నాను. ఇక్కడ మనం కూడా ఈ మాటని తక్కువేమీ అన్యాయం చెయ్యడం లేదు. తెలంగాణ సర్కారు మొక్కలు నాటించాలంటే 2015లో హరితహారం అని పేరు పెట్టారు. హరిత మంచి మాటే. కానీ హరిత అంటే చెట్టు ఒక్కటే గుర్తొస్తుంది. పచ్చదనం అంటే చెట్టూ, చెరువూ, పాడీ, ఇంట్లో పసిబిడ్డా అందరూ గుర్తొస్తారు. 2024లో తెలంగాణ ఊళ్ళలో స్వచ్ఛదనం పచ్చదనం అని కార్యక్రమం పెట్టినప్పుడు, పేరులో ఆ మాట చూసి నాకు సంతోషం వేసింది.

పంతులమ్మ గారు కాసేపు ఆగి, "మా నాయనమ్మ పచ్చజొన్న రొట్టెలు చేసేదండీ. అవి పసుపే కదా" అన్నారు. ఆవిడది కర్నూలు వైపట. ఆ తర్వాత మార్కు సంగతి ఇద్దరం ఎత్తలేదు. వచ్చే ఆదివారం పిల్లలందరినీ పచ్చ, పచ్చి అని పేరున్న వస్తువు ఒక్కొక్కటి ఇంటినుంచి తెమ్మంటానని, దాని అసలు రంగేమిటో గడిలో రాయిస్తానని ఆవిడే చెప్పారు.

నా దగ్గరనుంచి ఏమైనా పంపాలని చూశాను. పచ్చకర్పూరం, పచ్చిశనగపప్పు అక్కడి ఇండియన్ కొట్లలోనే దొరుకుతాయని చెల్లెలు వద్దంది. అమ్మమ్మ ఊరు దుగ్గిరాల పక్కన. నా చిన్నప్పుడు ఆ లంకల్లో చేను చేనంతా పసుపే, మనిషి నడుము దాటిన వెడల్పాటి ఆకులు. ఆకులు ఎండాక తవ్వి, దుంపలు ఉడకబెట్టి, వారాలు ఎండబెట్టి, దుగ్గిరాల యార్డుకి తోలేవాళ్ళు. చేలో నిలబడి "ఎంత పచ్చగా ఉందో" అనే అమ్మమ్మే, నెలలు గడిచాక ఎండిన కొమ్ము విరిచి "ఎంత పచ్చగా ఉందో" అనేది. ఈ సంగతి చెప్పి, పిల్లకి ఉడకబెట్టని పసుపుకొమ్ము ఒకటి కొనిపెట్టమన్నాను. అదీ ఆ కొట్లలో కూరగాయల దగ్గర ఉంటుందట.

శనివారం రాత్రి పిల్ల వీడియో కాల్ చేసింది. కొమ్ము అడ్డంగా కోయించుకుని ఫోన్‌కి దగ్గరగా పెట్టింది. వేళ్ళకి రంగంటుకుని ఉంది.

"పెద్దమ్మా, పచ్చి పసుపు కదా ఇది. లోపలేమో ఆరెంజ్‌గా ఉంది. గడిలో ఏం రాయను?"

"కంటికి ఏది కనిపిస్తే అది రాయి. నారింజ అని రాయి."

"మరి పచ్చి ఎందుకన్నారు దీన్ని?"

"చెయ్యి పెట్టి చూడు."

వేలితో కోసిన చోట నొక్కింది. పైన సన్నగా చెమ్మ తేలింది.

"తడిగా ఉంది" అంది.